వెడల్పు చేసిన ప్లాట్‌ఫాం మీద మా మంగత్తయ్య

ఈ ప్రయాణం నా అంతట నేను పెట్టుకున్నది కాదు, మా శ్రీను బావ అంటగట్టింది. బావ పెడనలో మగ్గాలు నడుపుతాడు. వాళ్ళమ్మ మంగత్తయ్య మా నాన్నకు అక్క, డెబ్భై దాటిన మనిషి. ఎన్నో ఏళ్ళుగా ప్రతి శుక్రవారం పెడన నుంచి నూలు చీరల మూట పట్టుకుని ఉదయం బండెక్కి బెజవాడ వస్తుంది. సత్యనారాయణపురంలో తనకు అలవాటైన ఇళ్ళున్నాయి. అక్కడ చీరలు చూపించి, మంచినీళ్ళు తాగి, వాళ్ళ ఇళ్ళలో పెళ్ళిళ్ళూ తగాదాలూ అన్నీ విని, సాయంత్రం బండికి వెళ్ళిపోతుంది. రెండేళ్ళ నుంచి ఆవిడకు గ్లకోమా. ఎదురుగా ఉన్నది గొట్టంలోంచి చూసినట్టు కనిపిస్తుందట, చుట్టుపక్కలంతా మసక. అయినా రావడం మానలేదు. ఈ మధ్య బెజవాడ స్టేషన్లో బందరు బండి ఆగే ప్లాట్‌ఫాంను వెడల్పు చేశారు, దాని కింద సబ్‌వేనూ వెడల్పు చేశారు. ఆ పనులు పూర్తయ్యాక వచ్చిన మొదటి శుక్రవారం అత్తయ్య సాయంత్రం బండి అనుకుని ఇంకేదో బండెక్కి తెనాలిలో తేలింది.

"లలితా, ఈ శుక్రవారం నువ్వొచ్చి అమ్మతో పాటు రైల్లో రా. సాయం మాత్రం చెయ్యొద్దు. తువ్వాళ్ళు కొనటానికి వస్తున్నావని అమ్మకి చెప్తా. వెనకాలే ఉండి చూడు. ఒక్కతే రాగలదని నువ్వంటే పంపిస్తా. రాలేదంటే ఇంక మాన్పించేస్తా. నేను చెప్తే ఇనదు, నువ్వు చెప్తే ఇంటది," అన్నాడు బావ. నాకు ఒళ్ళు మండింది. కిటికీ పక్కన కూర్చుని బయటికి చూస్తూ ఊరికే ఉండటానికి ప్రయాణాలు చేసే మనిషిని నేను. నా చేత తీర్పు చెప్పిస్తాడట. కానీ గుణదలలో ఇంటి దగ్గర ట్యూషన్లు చెప్పుకునేదాన్ని, సాయంత్రం దాకా ఖాళీయే, కాదనడానికి సాకు దొరకలేదు. అదీగాక ఆ శుక్రవారాలు ఆగిపోతే అత్తయ్య ఏమైపోతుందో నాకు తెలుసు. ఇంట్లో కూర్చోబెడితే ఆ మనిషి నిలువునా నీరసించిపోతుంది. సరే అన్నాను. ఈ దారిలో ఒక రోజు తిరిగొద్దామనుకునే వాళ్ళకు పనికొస్తుందని వెళ్ళింది వెళ్ళినట్టు రాస్తున్నాను. వెళ్ళడం రోడ్డు మీద, రావడం రైల్లో.

కార్తీకం చివర రోజులు. ఇంకా చీకటి విడకముందే బెజవాడ బస్టాండులో బందరు బస్సెక్కాను. ఈ బస్సులు పొద్దున్నించే వరసగా ఉంటాయి, ముందుగా టికెట్టు తీసుకోనక్కర్లేదు. ఎక్స్‌ప్రెస్ దాకా ఆడవాళ్ళకు ఉచితం, ఆధార్ కార్డు దగ్గరుంటే చాలు. మగవాళ్ళకు వంద పైచిలుకు అవుతుంది. ఎడమ పక్క కిటికీ దొరికింది. బెంజి సర్కిల్ దాటి కంకిపాడు వైపు వచ్చేసరికి మంచు మొదలైంది. పక్కన బందరు కాలువ ఉందని తెలుసు గానీ నీళ్ళు కనపడవు, కాలువ ఉండాల్సిన చోట తెల్లగా ఏదో నిద్రపోతున్నట్టు ఉంది. అవతలి గట్టు మీద సైకిలు తొక్కుకుంటూ పోతున్న మనిషికి నడుము నుంచి పైభాగమే ఉంది. ఆ చల్లగాలి ముఖాన కొడుతుంటే నాకు హాయిగా ఉంది, సగం నిద్ర, సగం మెలకువ.

"కిటికీ వెయ్యండి మేడమ్, ఎనకాల పెద్దాయనకి దగ్గొస్తంది," అన్నాడు కండక్టరు.

సగం వేశాను. పెద్దాయన మళ్ళీ దగ్గాడు. అది నిజం దగ్గు కాదని నా అనుమానం, అయినా పూర్తిగా మూశాను. ఉయ్యూరు దగ్గర పంచదార ఫ్యాక్టరీ తీపి వాసన మూసిన కిటికీలోంచి కూడా లోపలికి వచ్చింది. పామర్రు చేరేసరికి తెల్లారింది. పొలాలన్నీ పండిపోయి ఉన్నాయి, కొన్నిచోట్ల కోతలు కూడా అయ్యాయి. రోడ్డు మీద సగం మేర ధాన్యం ఆరబోసి దాని చుట్టూ రాళ్ళు పేర్చారు, మా డ్రైవరు ఒక్క గింజ కూడా తొక్కకుండా బస్సును పక్కకు తప్పించి నడిపాడు. బందరు బస్టాండు బయట ఇడ్లీ తిని షేర్ ఆటో ఎక్కాను. పెడనకు ముప్పై రూపాయలు తీసుకున్నాడు.

అత్తయ్య వాళ్ళ వీధి మొదట్లోనే ఆటో ఆగిపోయింది. "వీధిలో పడుగేశారండి, ఇంక లోపలికి పోదు. దిగిపోండి," అన్నాడు డ్రైవరు. చూద్దును కదా, వీధి ఈ చివర నుంచి ఆ చివరి దాకా నడుం ఎత్తున పసుపుపచ్చ పడుగు సాగదీసి ఉంది. వెదురు కర్రల మీద మగ్గానికి ఎక్కించబోయే వందల నూలు పోగులు, ఎండ ముదరక ముందే వాటికి గంజి పట్టిస్తున్నారు. ఇటొకరు, అటొకరు కుంచెలతో దువ్వుకుంటూ పోతున్నారు, తడి మీద పొద్దుటి వెలుగు పడి పడుగంతా నెమ్మదిగా కదిలే నీళ్ళలా ఉంది. అటు వైపు ఇళ్ళకు వెళ్ళాలంటే వంగి దాని కింద నుంచి వెళ్ళాల్సిందే. స్కూలు పిల్లలు సంచులతో సహా వంగి వెళ్ళిపోతున్నారు, పాలవాడు క్యాను చేత్తో పట్టుకుని వంగాడు. మా వాళ్ళలో నూలును ఎవరూ దాటరు. నేల మీద ఒక్క పోగు పరిచి ఉన్నా చుట్టూ తిరిగి వెళతారు గానీ దాని మీదుగా కాలు వెయ్యరు. ఎందుకని చిన్నప్పుడు నేనడిగితే "అన్నం మీద కాలేస్తావా?" అన్నారు, అంతటితో అయిపోయింది. నేనూ వంగి అవతలికి వెళ్ళాను.

అత్తయ్య అప్పటికే తయారై మూట కట్టుకుని అరుగు మీద కూర్చుని ఉంది. నా గొంతు వినగానే "రావే, రా. తువ్వాళ్ళు కొనటానికి వచ్చావంట?" అంది.

"అవునత్తయ్యా."

"బెజవాడలో తువ్వాళ్ళు దొరకటంలేదా పాపం. వాడు నిన్ను నాకు కాపలా పెట్టాడు, అంతేగా?"

బావ మగ్గం మీద నుంచి లేవకుండానే తల వంచుకున్నాడు. దొంగతనం బయటపడ్డాక ఇంక దాచేదేముంది, నేను ఉన్నదున్నట్టు చెప్పేశాను. అత్తయ్య కోప్పడలేదు. చీరల మూట ముడి సవరించుకుంది. "సరే, చూడు. నీకేం కనపడిద్దో అదే చెప్పు. నన్ను చూసి జాలిపడి ఎక్కువా చెప్పమాకు, వాణ్ణి చూసి భయపడి తక్కువా చెప్పమాకు," అంది. పెసరట్టు పెట్టింది. అట్టు వేస్తున్నంతసేపూ పెనం మీద చెయ్యి ఆడించి వేడి చూసుకోవడమే గానీ పెనం వంక చూడటం లేదు.

బండి తొమ్మిది దాటాక వచ్చింది. బందరు నుంచి వచ్చే ఈ ప్యాసింజరు టికెట్టు ముప్పై రూపాయల లోపే. బస్సు ఆడవాళ్ళకు ఉచితం కదా, రైలెందుకని అడిగాను. "ఊరికే వచ్చే బస్సులో ఊరంతా ఉంటది. మూట ఒళ్ళో పెట్టుకుని ఒంటికాలి మీద నుంచోవాలి. రైల్లో అయితే కాళ్ళు చాపుకోవచ్చు," అంది. నిజంగానే చాపుకుంది. కవుతరం, గుడ్లవల్లేరు, ఒక్కో స్టేషన్లో ఒక నిమిషం నిశ్శబ్దం, తర్వాత మళ్ళీ చక్రాల చప్పుడు. మంచు విడిపోయి పొలాల మీద పలచటి పొగలా మిగిలింది. కోసిన మళ్ళలో అప్పుడే మినుము మొలకలు కనపడుతున్నాయి. చేపల చెరువుల మీద కొంగలు కదలకుండా నిలబడ్డాయి. గుడివాడలో బండి చాలాసేపు ఆగింది. టీ పది రూపాయలు, ఏలకులు బాగానే పడ్డాయి. ఆ చక్రాల చప్పుడుకు నాకు కళ్ళు మూతలు పడ్డాయి. ఏదో ఊరు దాటుతుండగా కళ్ళు తెరిస్తే అత్తయ్య కిటికీ ఊచకు నుదురు ఆనించి బయటికి చూస్తోంది. ఏం కనిపిస్తుందో అడగాలనిపించింది గానీ అడగలేదు.

గుడివాడలో ఎక్కిన ఒకాయన బెజవాడలో ఏదో ఆఫీసులో పనిచేస్తాడట, రోజూ ఇదే బండి. ప్లాట్‌ఫాం సంగతి ఎత్తితే ఆయన ముఖం వెలిగిపోయింది. "ఇంతకు ముందర మన బండి దిగాలంటే ఊపిరి బిగబట్టాలండీ. ఎదురుగా ఇంకో బండి వచ్చిందా, ఇంక మెట్ల దాకా మన కాళ్ళతో మనం నడిచేది లేదు, జనమే మోసుకెళ్ళేవారు. ఇప్పుడు చూడండి, పక్కన వాడకుండా ఉన్న పాత లైను తీసేసి ఆ చోటంతా కలిపేశారు. పరుపేసుకుని పడుకోవచ్చు."

"పడుకోటానికి రావట్లేదు నాయనా మేము, నడవటానికి వస్తన్నాం," అంది అత్తయ్య.

"కింద సబ్‌వే ఇంకా బాగుందండీ మామ్మగారూ. పైన పక్కకి జరిగితే సరిపోయింది, భూమిలో అట్టా కుదరదు కదండీ. అసలున్న గోడ కొట్టేసి, పక్కన ఇంకో దారి తవ్వి, రెండూ కలిపేసి మధ్యలో స్తంభాలు నిలబెట్టారు. పెళ్ళి చేసుకోవచ్చు అందులో."

ఆయన అబద్ధం చెప్పలేదు. ఆ ఇరుకు నేనూ ఎరుగుదును. పండగ రోజుల్లో ఆ మెట్ల మీద చెప్పు తెగితే వంగి తీసుకునే వీలు కూడా ఉండేది కాదు, చంటిపిల్లల్ని నెత్తి మీదకు ఎత్తుకునేవాళ్ళు. ఆ వెడల్పు రావాల్సిందే, ఎప్పుడో రావాల్సింది. అత్తయ్య రామవరప్పాడు దాటాక చెప్పులు తొడుక్కుని, మూట దగ్గరకు లాక్కుని కూర్చుంది. పెదవులు బిగించి ఉన్నాయి. తన ముందు తీర్పు ఉందని ఆవిడకూ తెలుసు. ఆవిడ నెగ్గాలని ఎంతగా కోరుకున్నానో అప్పుడే తెలిసింది.

బండి ఆగింది. మాట ప్రకారం నేను వేరే తలుపులోంచి దిగి దూరంగా నిలబడ్డాను. ప్లాట్‌ఫాం చూసి నేనే తెల్లబోయాను. కంటికి ఆనినంత మేర నున్నటి బండలు, ఎత్తైన కొత్త కప్పు, దాని సందుల్లోంచి వరసలు వరసలుగా పడుతున్న ఎండ. అప్పుడే కడిగినట్టున్నారు, నేలంతా తడిగా మెరుస్తోంది. జనం దిగి ఎవరి దారిన వాళ్ళు విడిపోయి, ఆ వెలుగులో తేలుతున్నట్టు వెళ్ళిపోతున్నారు. అంచుకు కొద్ది దూరంలో, ఈ చివర నుంచి ఆ చివరి దాకా పసుపుపచ్చ పలకలు పరిచారు, చూపు లేనివాళ్ళకు కాలికి తెలిసేలా సన్నటి గీతలు పైకి లేచి ఉంటాయే, అవి. అత్తయ్య మూట చంకన పెట్టుకుని దిగి, రెండడుగులు వేసి, ఆ పసుపుపచ్చ ముందు ఆగిపోయింది.

ఎడమ పక్కకు చూసింది, కుడి పక్కకు చూసింది. తర్వాత పెట్టెల వారనే, పలకలకూ బండికీ మధ్య ఉన్న ఆ కాస్త జాగాలో నడవడం మొదలుపెట్టింది. దేనికోసమో వెతుక్కుంటున్నట్టు తల వంచుకుని నడుస్తోంది. ఇంకాసేపట్లో ఖాళీ బండిని యార్డుకు లాగేస్తారు. పక్కనే అంచు. బావకిచ్చిన మాట గాలికి వదిలేసి పరుగెత్తాను. నేను చేరేలోపే అత్తయ్య ఆగింది. మూటను రొమ్ముకు అదుముకుంది. నడుము దాకా వంగింది. వంగి, అక్కడ లేని దాని కింద నుంచి దూరి, పలకల అవతల తేలి, నడుం నిమురుకుంటూ నిటారుగా నిలబడింది.

ఆవిడ వెనకే వస్తున్న ఒక కాలేజీ పిల్ల చెవుల్లో పాటలు వింటూ తనూ వంగి దాటింది. ఆ పిల్లను చూసి సూట్‌కేసు లాక్కుంటున్న ఒకాయన వంగాడు. ఆయన వెనక ఇద్దరు ఆడవాళ్ళు, "జాగర్త, జాగర్త" అనుకుంటూ. సూట్‌కేసాయన నా దగ్గర ఆగి పైకి కిందకి చూసి, "ఏంటండీ, వైరు గానీ వేలాడతందా?" అన్నాడు.

"పడుగండీ," అన్నాను.

"ఓహో," అని, అంతా అర్థమైనట్టు తలాడించి వెళ్ళిపోయాడు. నేను వెళ్ళబోయి చూసుకుంటే నా నడుమూ వంగే ఉంది.

"ఏం చేశావత్తయ్యా?" అన్నాను.

"పచ్చ పడుగు పరిచినట్టు లేదూ? తడి కూడా ఉంది. పోయినసారి ఇట్టా తడి లేదు, రాళ్ళల్లే ఉన్నయ్. రాళ్ళేనని తెలుసే నాకు. తెలిసి ఏం లాభం, కాలు లేస్తేగా. కొస ఎక్కడుందో చూసి చుట్టూ తిరిగొద్దామనుకున్నా, ఎంతకీ రాదే. ఇంక మన వీధిలో లాగా వంగి దూరా," అంది. ఇద్దరం నవ్వుకున్నాం, కళ్ళ నీళ్ళొచ్చేలా నవ్వుకున్నాం. నవ్వు ఆగాక నాకు ఆ అంచు గుర్తొచ్చింది. బండి కదిలి ఉంటేనో? ఆవిడా అదే అనుకుంది కాబోలు, ముఖం తుడుచుకుని "నువ్వు ఎనక్కి పో. ఇంకా అయిపోలేదుగా," అంది.

మెట్లు బాగానే దిగింది, పట్టుకోవడానికి కడ్డీ ఉంది. నేను పదిమంది వెనకాల దిగాను. కింద చల్లగా ఉంది. ఫినాయిలు వాసన, ఎవరో తీసుకెళ్తున్న మల్లెపూల వాసన. తల మీదుగా ఏదో బండి వెళుతుంటే కప్పు సన్నగా హోరెత్తింది, ఆ హోరు స్తంభాల్లోంచి నేలలోకి దిగి నా అరికాళ్ళకు తెలిసింది. దీపాల వెలుగు ఎటు నుంచి వస్తుందో తెలియదు, ఎవరికీ నీడ లేదు. నాకు అలాగే అక్కడ నిలబడిపోవాలనిపించింది. అంత అందంగా ఉంది.

అత్తయ్య చివరి మెట్టు దిగి కుడి చెయ్యి పక్కకు చాపింది. ఎప్పుడూ అక్కడ గోడ ఉండేది. ఆ గోడకు అరచెయ్యి ఆనించి, గోడ వెంటే రాసుకుంటూ, అవతలి మెట్లదాకా వెళ్ళిపోయేది. ఇప్పుడు చేతికి గాలి తగిలింది. ఇంకాస్త జరిగి చాపింది. ఇంకాస్త. మూడోసారి ఆగిపోయింది. జనం ఆవిడకు అటూ ఇటూ చీలి వెళ్ళిపోతున్నారు. ఒకప్పుడైతే "జరగండమ్మా" అని ఎవరో ఒకరు భుజం తగిలించేవాళ్ళు, విసుక్కునేవాళ్ళు, తోసేవాళ్ళు. ఆ తోపులాటే ఆవిడకు దారి చూపేది. ఇప్పుడు తగలాల్సిన అవసరం ఎవరికీ లేదు, అంత చోటుంది. మా అత్తయ్య ఆ చోటు మధ్యలో చెయ్యి చాపుకుని నిలబడి ఉంది. నేను స్తంభం పక్కన నిలబడి చూస్తున్నాను. నా జీవితంలో నేను చేసిన పనుల్లో అంత పాడు పని లేదనిపించింది.

అప్పుడు ఎరుపు చీర కట్టుకున్న ఒకావిడ అత్తయ్య ముందు నుంచి వెళ్ళింది. అత్తయ్య తల చటుక్కున లేచింది. ఆ ఎరుపు వెనకాలే నడవడం మొదలుపెట్టింది, చక్కగా, ధీమాగా, కళ్ళున్న మనిషిలా. ఎరుపు చీర నేరుగా వెళ్ళి, బయటి దారి వైపు కాకుండా వేరే ప్లాట్‌ఫాం మెట్లు ఎక్కసాగింది. అత్తయ్యా కడ్డీ పట్టుకుని మొదటి మెట్టు మీద కాలు పెట్టింది.

"అత్తయ్యా!" అని అరిచాను. సబ్‌వే అంతా మోగింది.

ఆగింది. నేను వెళ్ళేదాకా కడ్డీ వదల్లేదు. "ఇదీ కాదా?" అంది చిన్నగా.

"కాదు."

"ఆ రోజూ ఇట్టాగే అయిందే. చిలకపచ్చ చీరొకటి ముందు నడిచింది. నెమ్మదిగా, పద్ధతిగా నడుస్తంది, మనూరి పిల్లే అనుకున్నా. అది తెనాలి పిల్లని నాకేం తెలుసు?"

ఈసారి నవ్వు రాలేదు ఇద్దరికీ. నేను ఆవిడ జబ్బ పట్టుకుని మా దారి వైపు తిప్పాను. నాలుగడుగులు వేసి చెయ్యి విదిలించుకుంది. "వదులు. గొడ్డును తోలుకెళ్ళినట్టు తోలుకెళ్ళమాకు. నువ్వు పట్టుకుంటే నేనెటు పోతన్నానో నాకే తెలవటంలేదు. ముందు నడువు, నేనొస్తా. నీ చీర ఏం రంగు?"

"నీలం."

"నీలం నాకు చీకట్లో కలిసిపోయిద్ది." అక్కడే నేల మీద కూర్చుని మూట విప్పింది. వేళ్ళతో అంచులు తడిమి, ఒక్కో చీరా పక్కకు పెట్టి, మిరపపండు రంగు నూలు చీర ఒకటి లాగి నా భుజాల మీద కప్పింది. "పద."

సన్మానం చేయించుకున్న దానిలా ఆ చీర కప్పుకుని, అంత పెద్ద సబ్‌వే మధ్యన ముందు నేను, వెనక మా అత్తయ్య. వెనక్కి తిరిగి చూడొద్దంది, చూడలేదు. ఆవిడ చెప్పుల చప్పుడు వింటూ దానికి తగ్గట్టు నడిచాను. ఆ చప్పుడు ఆగితే ఆగాను, కదిలితే కదిలాను. అన్నేళ్ళుగా ఆ స్టేషన్లోంచి వెళుతున్నాను గానీ, అంత నెమ్మదిగా ఎప్పుడూ నడవలేదు. జనం మమ్మల్ని చూసుకుంటూ పక్కనుంచి సాగిపోతున్నారు. పైన బండ్లు వస్తూ పోతూ ఉన్నాయి. భయమూ సంతోషమూ రెండూ ఒకేసారి నాలో ఉన్నాయి, ఏది ఎక్కువో చెప్పలేను. ఇంకాసేపు ఆ దారి అలాగే ఉంటే బాగుండుననిపించింది.

బయటికొచ్చి కొత్త బెంచీ మీద కూర్చున్నాం. బావకు ఫోన్ చెయ్యాలి. ఏం చెప్పాలో తేల్చుకోలేక ఫోన్ చేతిలో పెట్టుకుని కూర్చున్నాను. రాగలదంటే అంచు గుర్తొస్తోంది. రాలేదంటే వచ్చే శుక్రవారం అరుగు మీద మూట లేకుండా కూర్చున్న మనిషి కళ్ళ ముందు కనపడుతోంది. అత్తయ్య చెయ్యి చాపి ఫోన్ తీసుకుంది. "కలిపి ఇవ్వవే," అంది. కలిపి ఇచ్చాను.

"ఒరేయ్ శ్రీనూ, దిగాం. ఇదిగో, నేను చెప్తా విను. నేను ఒక్కదాన్నే రాలేనురా."

అంత గట్టిమనిషి నోటి వెంట ఆ మాట వస్తుందని అవతల బావ కూడా అనుకుని ఉండడు. అత్తయ్య ఫోన్ ఇంకో చెవికి మార్చుకుంది.

"రాలేనని చెప్పా గానీ మానేస్తానని చెప్పలా. రావటం మాననురా. పొద్దున ఆ బండి దిగే కాడికీ, సాయంత్రం ఎక్కే కాడికీ ఎవరో ఒకరు రావాలి, నా ముందు నడవాలి. అంతే."

"ప్రతి శుక్రవారం ఎవరొస్తారమ్మా అక్కడికి?" బావ గొంతు నాకు కూడా వినిపించింది.

అత్తయ్య ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని నేను కూర్చున్న వైపు ముఖం తిప్పింది. ఆవిడ చూపు నా పక్కనున్న ఖాళీ చోటు మీద పడింది. నేను కాస్త జరిగి ఆ చూపులోకి వచ్చాను.

ఆ రోజు సత్యనారాయణపురం ఇళ్ళన్నీ ఇద్దరం కలిసి తిరిగాం, సాయంత్రం బండి ఎక్కించి నేను గుణదల వెళ్ళిపోయాను. మిరపపండు చీర మాత్రం ఆవిడ తిరిగి తీసుకోలేదు, కప్పుకున్నదాన్ని ఇంకెవరికి అమ్ముతానంటూ నాకే అంటగట్టింది. ఆ ప్లాట్‌ఫాం మీద నాకేమీ కోపం లేదు. ఇరుకులో నలిగిన వాళ్ళందరికీ అది కావాలి, నాకూ కావాలి. చోటు పెరిగినప్పుడు మనిషికి మనిషి తగలడం తగ్గుతుందని నాకు ముందు తోచలేదు, అంతే. పెడన వెళ్ళాలనుకునే వాళ్ళు పొద్దున్నే వెళ్ళండి, వీధుల్లో పడుగులు ఎండెక్కక ముందే చూడాలి. రైలు వేళలు ముందురోజు సరిచూసుకోండి. ఇంక నేను చెప్పే చిట్కా ఒక్కటే. స్టేషన్లో చూపు తక్కువైన మనిషి ఆగిపోయి కనిపిస్తే జబ్బ పట్టుకుని లాగకండి, ఎటు వెళ్ళాలో అడిగి ముందు నడవండి. శుక్రవారం మధ్యాహ్నం వేళ బెజవాడ సబ్‌వేలో మిరపపండు రంగు చీరొకటి నడిమధ్యన నెమ్మదిగా పోతూ మీకు అడ్డం వస్తే విసుక్కోకుండా పక్కనుంచి వెళ్ళిపోండి, కావలసినంత వెడల్పుంది. దాని వెనకాల మా అత్తయ్య వస్తోంది.